ఎక్స్ఛేంజ్‌కు ముందు పెయింట్ వేయించాలా, ఉన్నదున్నట్టే ఇవ్వాలా?

మాది అనంతపురం. 2015 ఆడి టీటీ, ఎరుపు రంగు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని నాలుగేళ్లు, ప్రాణంలా చూసుకున్న బండి. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ సరిపోయే కారు కావాలి కాబట్టి బెంగళూరులో ఎక్స్ఛేంజ్‌కు ఇద్దామనుకున్నాను.

పోయిన నెల కడుగుతుంటే ఎడమ డోర్ హ్యాండిల్ కింద గోరంత బుడగ కనిపించింది. తాకితే రంగు పైనుండే పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్, ఉల్లిపొరలా లేచొచ్చింది. ఈ కారు డోర్లు అల్యూమినియం, అయస్కాంతం అంటుకోదు, కాబట్టి దాంతో పెయింట్ మందం తెలియదు. అందుకే అల్యూమినియం మీద కూడా పెయింట్ మందం కొలిచే గేజ్ తెప్పించాను. రూఫ్ మీద 120 మైక్రాన్లు, ఎడమ డోర్ మీద 340, వెనక ఫెండర్ మీద 310. నాకంటే ముందే ఎవరో రీపెయింట్ చేయించారన్నమాట. అమ్మినాయన ఆ మాటే ఎత్తలేదు, చాలా బాధేసింది.

పాలిష్ చేయిస్తే పొర ఇంకా లేచింది. టచప్ వేస్తే ఎండలో మచ్చలా కనిపిస్తోంది. రెండు ప్యానెళ్లకు 36,000 అడుగుతున్నారు, షేడ్ కలుస్తుందని మాత్రం మాటివ్వడం లేదు.

దాచి ఇవ్వడానికి నాకు మనసొప్పదు, విషయం చెప్పే ఇస్తాను. ఇలాంటి కారు ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చినవాళ్లు చెప్పండి: పెయింట్ వేయించి బిల్లు చూపించడం, గేజ్ రీడింగులతో ఉన్నదున్నట్టే ఇవ్వడం, ఈ రెండింట్లో దేనికి ధర తక్కువ కోస్తారు?