పాత క్యాసెట్‌లో ఇద్దరు శాక్సోఫోన్ వాళ్లు, ఎవరో గుర్తుపట్టగలరా?

అటకమీది డబ్బా:
బెంగళూరు మల్లేశ్వరంలో మా పెదనాన్నగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద బిస్కెట్ల డబ్బాలో పదకొండు క్యాసెట్లు దొరికాయి. పది ఘంటసాల, బాలమురళి. పదకొండో దాని అట్ట సగం చెదలు తినేశాయి, మిగిలిన ముక్క మీద పెన్సిల్‌తో "1957, ఇద్దరు టెనర్లు" అని ఉంది, అంతే. టెనర్ అంటే కాస్త లావు గొంతు శాక్సోఫోనట. టేపు వదులైపోతే పెన్సిల్ దూర్చి తిప్పి, ఆయన టేప్‌రికార్డర్‌లోనే వేశా. కాసేపు గరగర, తర్వాత తీరిగ్గా నడిచే ఒక పాట. ఒకాయన గొంతు నిండా మాట్లాడినట్టు వాయిస్తాడు, రెండో ఆయన వాయిస్తున్నాడో నిట్టూరుస్తున్నాడో తెలీదు. మా ఇంట్లో జాజ్ ఏంటసలు! ఎక్కడా బయటికి రాని రికార్డింగేమో అని ఒకటే టెన్షన్. ఎవరండీ వీళ్లు?

రీలుమేస్త్రి:
ఆగు గురూ. ఆ గరగరలో టిక్కు టిక్కుమని ఒకే లెక్కన వస్తోందా? వస్తుంటే అది ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) నుంచి ఎక్కించుకున్న కాపీ, స్టూడియో టేపు కాదు. ఆ టిక్కులు నిమిషానికి ఎన్నో లెక్కపెట్టు. ఎల్పీ నిమిషానికి 33 చుట్లు తిరుగుతుంది, దాని మీది గీత చుట్టుకోసారి టిక్కుమంటుంది, అంతకంటే తక్కువొస్తే నీ మెషీన్ బెల్టు సాగిపోయినట్టే, శ్రుతి కూడా దిగిపోయి ఉంటుంది.

అటకమీది డబ్బా:
రెండుసార్లు లెక్కపెట్టా, 31 వచ్చాయి.

రీలుమేస్త్రి:
దాదాపు ఒక స్వరస్థానం కిందికి! సన్న గొంతు ఆల్టో శాక్సోఫోన్ కూడా కాస్త లావుగా వినపడుతుంది మరి. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో బెల్టు వేయించి మళ్లీ విను. నిజంగా మరుగునపడి దొరికినవీ ఉన్నాయిలే, పియానో మంక్, శాక్సోఫోన్ కోల్ట్రేన్ కలిసి 1957 నవంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్లో వాయించిన టేపులు 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడ్డాయి. నీది ఆ బాపతు కాదు.

సన్నాయి పిచ్చి:
1957, ఇద్దరు టెనర్లు, ఒకాయన నిట్టూర్పు అంటే నాకు తట్టేది కోల్మన్ హాకిన్స్, బెన్ వెబ్‌స్టర్. అక్టోబర్ 16న హాలీవుడ్‌లో వెర్వ్ కంపెనీకి వాయించారు, రికార్డు 1959లో వచ్చింది. పియానో ఆస్కార్ పీటర్సన్, గిటార్ హెర్బ్ ఎల్లిస్, బేస్ రే బ్రౌన్. నువ్వు విన్న పాట అందులోని "ఇట్ నెవర్ ఎంటర్డ్ మై మైండ్" కావచ్చు, సరిచూసుకో. నిట్టూర్చేది వెబ్‌స్టరే. ఆయన స్వరం ఆగిన చోట చటుక్కున తెగదు, నాదం సన్నబడి సన్నబడి చివరికి రీడు (నోటి దగ్గరి సన్నటి పుల్ల) మీంచి జారే ఊపిరి ఒక్కటే మిగులుతుంది, హెడ్‌ఫోన్స్‌లో అయితే పక్కన కూర్చుని ఊదినట్టే ఉంటుంది. హాకిన్స్ వయసులో పెద్ద, వెబ్‌స్టర్ మీద ఆయన ప్రభావం చాలా ఉంది. 1939లో "బాడీ అండ్ సోల్" వాయించినప్పుడు అసలు వరసను కాస్త ముట్టుకుని వదిలేసి మిగతాదంతా సొంతంగా అల్లుకుపోయిన మనిషి, ఆ గట్టిదనం ఇక్కడా వినపడుతుంది. మన నాదస్వరం జోడీ అయితే రెండూ ఒకే గొంతుగా కలిసిపోవాలని చూస్తాం కదా, వీళ్లు ఎవరి గొంతు వాళ్లే ఉంచుకున్నారు. నాకు మాత్రం వెబ్‌స్టరే, వాదనకి రాకండి.

అటకమీది డబ్బా:
బెల్టు వేయించా, ఇప్పుడు 33. ఆన్‌లైన్‌లో అదే పాట పెట్టి పక్కపక్కనే విన్నా, అచ్చం వీళ్లే. పెద్దమ్మకి వినిపిస్తే, "ఇదా! రాత్రిళ్లు తలుపేసుకుని పెట్టేవారు, రేడియో పాడైందేమో అనుకునేదాన్ని" అంది.