ఇల్లలకగానేనా, ఇల్లాలలగగానేనా?

అమలాపురం (ప్రస్తుతం డాలస్):
ధనుర్మాసం నెల పట్టిన దగ్గరనుంచీ ఒక మాట నన్ను వదలడం లేదు. నా చిన్నతనంలో భోగికి ముందురోజు మధ్యాహ్నం, సగం అలికిన వసారా ఇంకా ఆరకుండా ఉండగా, అరుగు మీద కూర్చుని నువ్వులు చెరుగుతున్న మా బామ్మ ఒక వాక్యం అన్నారు. దాని చివర "పండగటే" అని ఉండటం వరకు నాకు గట్టిగా గుర్తుంది. మొదటి సగం అందరికీ తెలిసిన "ఇల్లలకగానే పండగ" సామెతే అయి ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అయితే ఆ పూట మా పెద్దమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా పొయ్యి వైపు తిరిగి కూర్చున్న దృశ్యం కూడా ఆ మాటతోబాటే గుర్తుకు వస్తోంది గనుక, బామ్మ అన్నది నిజానికి "ఇల్లాలలగగానే పండగటే" ఏమోనన్న అనుమానం ఈ మధ్య మొదలైంది. ఇటువంటి రూపం ఎవరైనా విన్నారా? ఇక్కడ మా ఇంట్లో నేలంతా తివాచీ కావడంతో అలికే పనీ లేదు, అలిగే తీరికా లేదు. అందుకే కాబోలు ఆ మాట మీదకు ధ్యాస పోతోంది.

తెనాలి:
ఇందులో అనుమానానికి తావు లేదనుకుంటాను. "అలుకు" వేరు, "అలుగు" వేరు. మొదటిది అలికి, అలికిన, అలుకఁగానే అని నడుస్తుంది. రెండోది అలిగి, అలిగిన, అలుగఁగానే అని నడుస్తుంది. బ్రౌన్ దొరగారు 1852 నాటి నిఘంటువులో ఈ రెంటినీ వేర్వేరు మాటలుగానే చూపించారు. సామెతలో ఉన్నది కకారం, కనుక అది పేడతోనూ ఎర్రమట్టితోనూ చేసే పని. "ఇల్లాలు" అన్నది తరవాత ఎవరో సరదాకు చేర్చిన దీర్ఘం అయి ఉండాలి.

విజయనగరం:
తెనాలి వారు కకారాన్ని అంత నమ్మకంగా పట్టుకోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. కోపానికి మనం వాడే నామవాచకం "అలుక" కాదా? అందులో ఉన్నది కకారమే కదా? అల్లుడికి వేసేది అలకపాన్పే గాని అలగపాన్పు కాదు. "పేరలుకం జెందినయట్టి కాంత లుచితవ్యాపారముల్ నేర్తురే" అని పారిజాతాపహరణ కావ్యంలో ముక్కు తిమ్మన గారు అన్నప్పుడు ఆ కాంతలు ఇల్లు అలుకుతున్నారని ఎవరూ అర్థం చెప్పరు. అసలు సామెత ఇల్లాలి గురించే పుట్టి ఉంటుందని నా అభిప్రాయం. పండగ పనులన్నీ ఒక్కరి మీద పడితే ఆవిడ అలగడం సహజం, ఆవిడ అలిగితే పండగ ఆగడమూ సహజం. ఈ మాటలో పస ఉంది. "నేల అలికినంత మాత్రాన పండగ రాదు" అన్న మాటలో ఉన్న గొప్పతనం ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

తెనాలి:
నామవాచకానికి "గానే" చేర్చి "ఆ పని జరిగిన వెంటనే" అనే అర్థం తీయడం కుదరదు. చెప్పగానే, రాగానే, తినగానే అన్నట్టు అది క్రియ మీదనే నిలుస్తుంది. ఇక అలుగు అనే క్రియకు కకారం ఎక్కడా రాదు. తిరుపతి వేంకట కవుల పద్యం "అలుగుటయే యెరుంగని మహామహితాత్ముఁ డజాతశత్రుఁడే యలిగిన నాఁడు" అని మొదలవుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. అక్కడ గకారం బదులు కకారం వేసి ఒక్కసారి రాగం తీసి చూడండి. సాగరాలు ఏకం కావడం మాట అటుంచి, ధర్మరాజు గారు చీపురూ పేడనీళ్ళూ పట్టుకుని హస్తినాపురం వాకిట్లో నిలబడతారు.

ప్రొద్దుటూరు:
చర్చ తిమ్మన గారి దాకా వచ్చింది కనుక ఒక మాట చెప్పక తప్పదు. "పేరలుక"ను పేరుపొందిన అలుక అని కొందరు చెబుతుంటారు, అది పొరపాటు. పేరాస, పేరాకలి, పేరోలగం అన్నచోట్ల ఉన్న "పేర్" పెద్ద అనే అర్థం ఇచ్చేది. అక్కడా ఉన్నది అదే. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడన్న కబురు చెలికత్తె నోట విన్న తరవాత సత్యభామ చేసినదంతా వరసగా చదవండి. ఆవిడ నగలు తీసివేస్తుంది, మాసిన చీర కడుతుంది, కోపగృహంలో చేరుతుంది. అంటే పండగకు ఇంటికి మనం ఏమేమి చేస్తామో ఆవిడ తనకు తాను వాటన్నింటికీ సరిగ్గా ఎదురు చేసుకుంది. ఇల్లు అలికి ముగ్గు పెట్టడం అలంకరించడమైతే, అలుక అలంకారాన్ని విప్పెయ్యడం. ఈ దృష్టితో చూస్తే అలుకు, అలుగు అనే రెండు మాటలూ పక్కపక్కన నిలబడి ఒకదాన్ని ఒకటి వెక్కిరిస్తున్నట్టు ఉంటాయి. విజయనగరం వారి ఊహను నేను ఒప్పుకోను గాని, ఆ ఊహ తిమ్మన గారికి వచ్చి ఉంటే ఒక సీసపద్యం పుట్టి ఉండేది.

"ఈసునఁ బుట్టి డెందమున హెచ్చిన" పద్యంలో ఆవిడ ముఖం మీద చీర చెరగు వేసుకుని కోయిల గొంతుతో ఏడ్చిన తీరు మీద మన పెద్దలు చెప్పుకునే చాటుమాట కూడా ఉంది. ముక్కు తిమ్మన గారు ముద్దుముద్దుగా ఏడిపించారట.

విజయనగరం:
పేరలుక విడదీత నాకు తెలియనిది కాదు. నేను అడిగింది సామెత గురించి.

కరీంనగర్:
పెద్దలు కోపగృహంలో చాలాసేపు ఉండిపోయారు కనుక నేను వాకిట్లోకి వస్తాను. మా వైపు పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతారు. దాన్నే మీరు కళ్ళాపి అంటారు, పాత కావ్యాల్లో కలయంపి అన్నారు. అలకడం దానికంటే పెద్ద పని. గోడలకు సున్నం, అంచులకు జాజు, నేలకు పేడ కలిపిన ఎర్రమన్ను, ఆ పైన ముగ్గు అన్న క్రమం తప్పకూడదు. చేతిని చాపి అర్ధచంద్రాకారంగా తిప్పుతూ వెనక్కి జరగాలి, లేకపోతే అలికిన చోటే అడుగు పడుతుంది. ఆరేదాకా పిల్లలను లోపలికి రానివ్వరు. ఈ నిషేధం వల్లనే పిల్లలకు రేపు పండగ అని తెలుస్తుంది. సామెతలోని చమత్కారం ఇక్కడే ఉందని నా మనవి. అలికిన నేల చూసి పిల్లలు పండగ వచ్చిందని గెంతుతారు, పెద్దవాళ్ళు అప్పుడు ఈ మాట అంటారు.

"ఇల్లు", "అలుకు" అన్న రెండు మాటల జంట ఎంత పాతదో చెప్పడానికి ఈగ కథ ఒక్కటి చాలు. ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కనబడినవాళ్ళనల్లా అడుగుతూ తిరిగిందని ఏ ఊళ్ళో పిల్లలకైనా చెబుతారు. ఆ కథలో ఈగ ఎవరిమీదా అలగలేదు.

విజయనగరం:
అలగలేదని ఎలా చెప్పగలరు? ఇంటిపని చేసి చేసి తన పేరే మరిచిపోయిన ప్రాణికి అలగడానికి నూరు కారణాలు ఉంటాయి.

బరంపురం:
ఈగను కాసేపు వదిలిపెట్టి అమలాపురం వారు ఏమి విని ఉంటారో ఆలోచిద్దాం. అందరూ రాతలో ఉన్న కకార గకారాల మీద వాదిస్తున్నారు గాని, ఆవిడ చదివింది కాదు, విన్నది. మాటలో మనం "అడగగానే" అనము, "అడగ్గానే" అంటాము. "వెతకగానే" అన్నది కూడా నోట్లో "వెతగ్గానే" అవుతుంది, "ఉతకగానే" అన్నది "ఉతగ్గానే" అవుతుంది. మధ్య అచ్చు జారిపోగానే కకారం తన పక్కనున్న గకారంలో కలిసిపోతుంది. కాబట్టి అలకగానే అన్నా అలగగానే అన్నా వసారాలో ఉన్న పిల్ల చెవికి చేరేది "అలగ్గానే" ఒక్కటే. తెనాలి వారు పట్టుకున్న అక్షరం ఆ మధ్యాహ్నం అసలు పలకబడనే లేదు. తేడా ఏదైనా ఉంటే ముందున్న "ల్ల", "ల్లా" దగ్గర ఉండాలి. బామ్మగారు దీర్ఘం తీశారా లేదా అన్నది అమలాపురం వారే చెప్పాలి.

తెనాలి:
బరంపురం వారి పరిశీలన బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే అది కోనసీమ బామ్మ. అక్కడి పలుకులో లేని దీర్ఘం కూడా వినిపిస్తుంది. ఆ సాక్ష్యం నిలవదు.

అమలాపురం (ప్రస్తుతం డాలస్):
మా బామ్మ దీర్ఘాల మీద ఇంత విచారణ జరుగుతుందని ఆవిడకు తెలిస్తే చెరుగుతున్న చేట కింద పెట్టేవారు. నిజం చెప్పాలంటే దీర్ఘం ఉందో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఎన్నిసార్లు తలుచుకుంటే అన్ని రకాలుగా వినిపిస్తోంది. నిన్న తిమ్మన గారి పద్యం చదివి పడుకున్నందువల్ల ఇవాళ పొద్దున దీర్ఘం మరీ స్పష్టంగా వినిపించింది.

ఆనాటి వంటింటి గురించి మాత్రం ఇంకొంచెం చెప్పగలను. ఆ రోజు అరిసెలు వండుతున్నారు. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి ఆరకముందే దంచి జల్లించిన పిండిని గుడ్డ కప్పి ఉంచారు. పాకం చూసేది పెద్దమ్మే. నీళ్ళ గిన్నెలో రెండు చుక్కలు వేసి, వేళ్ళతో చుడితే అది మెత్తని ఉండ అయ్యేదాకా ఒప్పుకునేవారు కాదు. ఆ రోజు పాకం ముదిరింది. చలిమిడి గట్టిపడి అరిసెలు చెక్కల్లా వచ్చాయి. వాటిని మేము కనుమ దాటి వారం వరకు నమిలాము. పాకం ముదరడం వల్ల పెద్దమ్మ అలిగారో, అలిగి పొయ్యి సంగతి పట్టించుకోనందువల్ల పాకం ముదిరిందో నాకు తెలియదు.

విజయనగరం:
ఇదే కదా నేను మొదటినుంచీ చెబుతున్నది! పాకం దించే క్షణం ఒక్కటి తప్పితే లేతదై అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. అలికిన నేల మళ్ళీ అలకవచ్చు గాని, పిండి పోసిన పాకాన్ని మళ్ళీ వెనక్కి తేలేము. పండగ అన్నది పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి మనసు మీద నిలబడి ఉన్నప్పుడు, ఆ మనిషిని సామెతలోంచి తీసేసి నేలను మాత్రం మిగిల్చింది పొయ్యి దగ్గర ఎన్నడూ కూర్చోనివారే అయి ఉంటారు.

కరీంనగర్:
మా సకినాలకు పాకం గొడవ లేదు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట మీద చేత్తో చుట్లు చుట్టడమే. అయితే పిండి పదును తప్పితే చుట్టు తెగుతుంది, నలుగురు ఆడవాళ్ళు కూర్చోనిదే పని తెమలదు. ఆ నలుగురిలో ఒకరు అలిగినా తక్కిన ముగ్గురు నవ్వించి లేపుతారు. బహుశా అందుకే మా వైపు నేను ఇల్లాలి రూపం వినలేదేమో.

ప్రొద్దుటూరు:
"అలుగు" అనే మాటకు చెరువు నిండి నీరు పొర్లే చోటు అనే అర్థం కూడా ఉందని ఇంతవరకు ఎవరూ అనకపోవడం వింతగా ఉంది. చెరువు నిండితే అలుగు పారుతుంది, మనసు నిండితే మనిషి అలుగుతుంది. ఈ రెండూ ఒక మూలంలోవే అని నాకు ఎప్పటినుంచో ఒక నమ్మకం. తిమ్మన గారి సత్యభామ కంటినీరు చూసినా...

తెనాలి:
బాణపు మొనకూ అలుగు అనే పేరు ఉంది, అడవిలో తిరిగే పెంకుల జంతువుకూ అదే పేరు ఉంది. అన్నింటినీ సత్యభామ దగ్గరకు తీసుకురావడం మాత్రం ప్రొద్దుటూరు వారికే చెల్లింది.

అమలాపురం (ప్రస్తుతం డాలస్):
రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆవిడకు ఎనభై దాటాయి గాని జ్ఞాపకం నాకంటే నయం. చర్చ మొత్తం వినిపించిన తరవాత ఆవిడ ముందుగా చెప్పింది, ఆ రోజు అలిగింది తాను కాదని, మా అమ్మ అని. పొయ్యి వైపు తిరిగి కూర్చున్నది పాకం మీద కన్ను తిప్పకూడదు కాబట్టిట, మా అమ్మ పెరట్లో పిడకల దండ ముందు వేసుకుని ఎవరితోనూ మాట్లాడలేదట. అమ్మను బతిమాలడానికి మధ్యలో ఒకసారి లేచి వెళ్ళడం వల్లనే పాకం ముదిరిందట. బామ్మ అన్న మాట తనకు బాగా గుర్తుందని కూడా చెప్పారు. అయితే అది "పండగటే" కాదట, "పండగటరా" అట. పడకకుర్చీలో పేపరు చదువుకుంటున్న మా నాన్నతో అన్నదట.

మొదటి సగం ఏమిటని అడిగాను. "అదే, ఇల్లలగ్గానే" అన్నారు. దీర్ఘం ఉందా అని అడిగితే, ఫోన్లో వినబడటం లేదు, గట్టిగా మాట్లాడమన్నారు.

విజయనగరం:
"టరా" అని కొడుకుతో అన్నారంటే ఇక చెప్పేది ఏముంది? భార్య పెరట్లో అలిగి కూర్చుంటే కొడుకుతో నేల అలకడం గురించి మాట్లాడే తల్లి ఉంటుందా?

తెనాలి:
ఉంటుంది. వసారా ఇంకా సగమే అలికి ఉందని అమలాపురం వారు మొదటే రాశారు.