అప్‌డేట్: ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, చివరికి ఏం తేలిందంటే

బీఎస్సీ చదివి, ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉంటూ దూరవిద్యలో ఈ ఎంఏ చేస్తే కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష అయిన నెట్‌కి చెల్లుతుందా, గ్రూప్-1కి ఉపయోగమా అని అడిగాను గుర్తుందా? ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) సీటు వచ్చింది, పుస్తకాలు కూడా చేరాయి. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది యూజీసీ (యూనివర్సిటీలని నియంత్రించే కేంద్ర సంస్థ) దూరవిద్య విభాగం సైట్ చూడమన్న సలహా. యూనివర్సిటీ పేరుంటే చాలదు, మనం చేరే కోర్సుకి, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో చూడాలి. ఉంటే ఆ డిగ్రీ రెగ్యులర్‌తో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. నెట్‌కి కావాల్సింది పీజీలో మార్కులు: జనరల్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగుల వంటివాళ్లకి 50.

బీఎస్సీ అడ్డమవుతుందేమోనని నేను పడ్డ టెన్షన్ అనవసరం. ఏ డిగ్రీ అయినా సరే. బ్రిడ్జి కోర్సు ఊసే లేదు.

గ్రూప్-1 సంగతి మాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్‌ గారు తేల్చేశారు: "దానికి మామూలు డిగ్రీ చాలమ్మా, మెయిన్స్‌లో ఆప్షనల్ సబ్జెక్టే లేదు." పాలిటీ, గవర్నెన్స్ భాగాలకి మాత్రం ఈ ఎంఏ సిలబస్ కలిసొస్తుంది. సివిల్స్‌లో అయితే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఒక ఆప్షనల్ (మనం ఎంచుకునే సబ్జెక్టు), రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. అక్కడికీ ఎంఏ తప్పనిసరేం కాదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు చేరేముందే ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. నాకు అన్నిటికన్నా ఆలస్యమైంది ఆ ఒక్క కాగితమే.