వివాహం కాకుండా, విశ్వాసం లేని వ్యక్తితో జీవిస్తున్నవారు దివ్యసత్ప్రసాదం స్వీకరించవచ్చునా?

వేకువచుక్క:
ఏడేళ్లుగా నేను ఒకరితో కలిసి జీవిస్తున్నాను. మాకు వివాహం కాలేదు. ఆయన జ్ఞానస్నానం పొందలేదు, దేవుడున్నాడన్న నమ్మకమూ ఆయనకు లేదు. అయినా నేను ఆదివారం పూజకు వెళ్లడానికి ఆయన ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు. మొదటి రెండేళ్లు అందరితో పాటు వరుసలో నిలబడి, పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే సత్ప్రసాదం స్వీకరించాను. ఆ తరువాత ఈస్టరుకు ముందు వచ్చే ఒక తపస్కాలంలో, గురువు ఎదుట పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు, ఈ స్థితిని మార్చుకోవాలన్న నిశ్చయం లేనంతవరకు పాపవిమోచనం ఇవ్వలేనని గురువుగారు మృదువుగానే చెప్పారు. అప్పటి నుండి అందరూ లేచి వెళ్లే వేళ నేను బల్ల మీదే కూర్చుంటున్నాను. ఇది నాకు నేను వేసుకుంటున్న శిక్ష అనీ, ప్రభువు పిలుస్తుంటే నేను ముఖం తిప్పుకుంటున్నాననీ నా స్నేహితురాలు అంటున్నది. నేను చేస్తున్నది సరైనదేనా? కతోలిక శ్రీసభ బోధ తెలిసినవారు దయచేసి చెప్పండి.

కంచుగంట:
మీరు చేస్తున్నది సరైనదే. చావైన పాపంలో, అంటే గంభీర పాపంలో, ఉన్నానన్న ఎరుక గలవారు పాపసంకీర్తనం చేయకుండా సత్ప్రసాదం స్వీకరించకూడదని 1983 నాటి శ్రీసభ చట్టంలోని 916వ నియమం చెబుతున్నది. ఇది ఆనాడు పుట్టిన మాట కాదు. అయోగ్యంగా ఆ రొట్టెను భుజించేవాడు ప్రభువు శరీర రక్తాల విషయంలో దోషి అవుతాడని పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలోనే ఉంది. వివాహం లేని సహజీవనాన్ని, శ్రీసభ బోధను క్రోడీకరించిన సత్యోపదేశం అనే గ్రంథం 2390వ సంఖ్యలో పేరు పెట్టి చెబుతూ, అటువంటి స్థితి సత్ప్రసాద స్వీకరణకు అడ్డు అవుతుందని స్పష్టం చేసింది. మీ స్నేహితురాలు దీనిని శిక్ష అనడం పొరపాటు. ఆదివారపు పూజలో పాల్గొనే బాధ్యత మీకు ఉన్నది, ప్రార్థన ఉన్నది, ప్రభువును మనసులోనే ఆహ్వానించే ఆధ్యాత్మిక సత్ప్రసాద స్వీకారమూ ఉన్నది. మీరు శ్రీసభ వెలుపల లేరు.

నీటిచెలమ:
కంచుగంట గారు చెప్పినవన్నీ వ్రాతలో ఉన్నవే. కాని వ్రాతలో ఉన్నవన్నీ ఆయన చెప్పలేదు. సత్ప్రసాదం పరిపూర్ణులకు దక్కే బహుమతి కాదనీ, బలహీనులకు బలమైన ఔషధమనీ పోపు ఫ్రాన్సిస్ 2013లో వ్రాశారు. కుటుంబ జీవితంపై ఆయన వ్రాసి 2016లో వెలువడిన ఆమోరిస్ లెతీత్సియా అనే పత్రంలోని 8వ అధ్యాయమైతే ఇంకా ముందుకు వెళ్లి, బయటికి పాపంగా కనబడే స్థితిలో ఉన్న వ్యక్తి కూడా లోపల దేవుని కృపలో జీవిస్తూ ఉండవచ్చని చెప్పింది. కొన్ని సందర్భాల్లో దివ్యసంస్కారాల సాయం కూడా అందవచ్చని అక్కడి 351వ అధోజ్ఞాపిక (పేజీ అడుగున ఇచ్చే వివరణ) అంటున్నది. చేసిన పనికి మనిషి ఎంతవరకు బాధ్యుడన్నది భయం, అలవాటు, ఒత్తిడి వంటివాటి వల్ల తగ్గవచ్చునని సత్యోపదేశమే 1735వ సంఖ్యలో ఒప్పుకున్నది. వేకువచుక్క గారి అంతరంగం మనకు తెలియదు. తెలియని దానిపై తీర్పు చెప్పే హక్కు మనకు ఎక్కడిది?

కంచుగంట:
నేను ఆమె అంతరంగంపై తీర్పు చెప్పలేదు. ఆమె తన స్థితిని తానే చెప్పి ప్రశ్న అడిగారు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాను. మీరు ఆధారపడుతున్న అధోజ్ఞాపిక ఎవరి గురించి జరిగిన చర్చలో పుట్టిందో గుర్తుంచుకోండి. విడాకుల తరువాత మళ్లీ పెళ్లి చేసుకున్నవారికి మొదటి వివాహబంధం ఇంకా నిలిచి ఉంటుంది. పిల్లలు ఉంటారు, విడిపోతే కొత్త అన్యాయం జరుగుతుంది, కలిసి ఉంటే పాత బంధానికి ద్రోహం. ఇక్కడ అటువంటి ముడి ఏదీ లేదు. ఆమెకు వివాహం చేసుకునే స్వేచ్ఛ ఉంది. దారి తెరిచి ఉన్నచోట, దారి మూసుకుపోయినవారి కోసం వ్రాసిన వాక్యాన్ని తెచ్చి ఆసరాగా చేసుకోవడం న్యాయం కాదు.

నీటిచెలమ:
వివాహానికి ఇద్దరు కావాలి. ఆమె ఒక్కరి స్వేచ్ఛతో అది జరగదు. ఆయన ఒప్పుకోనంతకాలం ఆమె దారి కూడా మూసుకుపోయినట్లే.

మల్లెపందిరి:
విశ్వాసం లేనివారితో వివాహాన్ని శ్రీసభ అంగీకరించదు కదా, మరి ఆయన ఒప్పుకున్నా ప్రయోజనం ఏముంటుంది?

పాతపుస్తకం:
అంగీకరించదన్నది సరికాదు. జ్ఞానస్నానం లేని వ్యక్తితో కతోలికుల వివాహం చెల్లదని 1086వ నియమం చెబుతున్నది నిజమే, కాని అదే నియమం మేత్రాణుల (బిషప్పుల) నుండి మినహాయింపు పొందే మార్గాన్నీ చూపుతున్నది. 1125వ నియమం ప్రకారం, తన విశ్వాసాన్ని కాపాడుకుంటాననీ, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి తన శక్తి మేరకు ప్రయత్నిస్తాననీ హామీ ఇవ్వవలసింది కతోలిక పక్షం మాత్రమే. రెండవ పక్షానికి ఆ హామీ సంగతి తెలియజేస్తే చాలు, వారు దేనికీ సంతకం చేయనక్కరలేదు. దేవాలయంలో జరిగే కర్మకు ఆయన మనసు ఒప్పకపోతే, గట్టి కారణం ఉన్నప్పుడు ఆ పద్ధతికి కూడా మినహాయింపు ఇవ్వవచ్చు. అంటే ఇక్కడ అడ్డుగా ఉన్నది ఆయన నాస్తికత్వం కాదు, వారిద్దరి మధ్య వివాహం లేకపోవడం. ఈ రెండింటినీ చాలామంది ఒకటిగా చూస్తారు.

ఒకబాటసారి:
మేత్రాణులు తలచుకుంటే, ఉన్న బంధాన్ని మొదటి నుండి చెల్లేటట్లు సరిచేయవచ్చని విన్నాను, అదే చేయించుకుంటే సరిపోతుంది.

పాతపుస్తకం:
మీరు చెబుతున్నది 1161వ నియమంలోని మూల స్వస్థత గురించి. అది ఇరువురూ ఒకప్పుడు వివాహ సమ్మతి పలికి, ఆ వివాహం ఏదో లోపం వల్ల చెల్లకుండా పోయినచోట వర్తిస్తుంది. సమ్మతే పలకని చోట స్వస్థపరచడానికి మూలం ఉండదు.

నీటిచెలమ:
చట్టం తెలిసినవారు చట్టం చెప్పారు, సంతోషం. ఇప్పుడు ఆ చట్టం మనుషుల చేతుల్లో ఏమవుతుందో నేను చెబుతాను. మా చెల్లెలు ఇటువంటి స్థితిలోనే ఉండేది. ఒక ఆదివారం ఆమె వరుసలో నడిచి ముందుకు చేరి చేయి చాచినప్పుడు, గురువుగారు ఆమెకు సత్ప్రసాదం ఇవ్వకుండా, అందరూ వినేటట్లు, నీవు తీసుకోకూడదని నీకు తెలుసు అన్నారు. ఆమె చాచిన చేయి అలాగే వెనక్కి తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. అది జరిగి పదకొండేళ్లు అయింది. ఆ తరువాత ఆమె ఏ దేవాలయంలోనూ అడుగు పెట్టలేదు, మా అమ్మ అంత్యక్రియల పూజకు కూడా బయటే నిలబడింది.

కంచుగంట:
మీ చెల్లెలి గారి బాధకు నేను చింతిస్తున్నాను. కాని బహిరంగంగా కొనసాగుతున్న గంభీర పాపంలో మొండిగా ఉన్నవారిని సత్ప్రసాదానికి అనుమతించకూడదని 915వ నియమం గురువుపై బాధ్యత మోపింది. ఆయన తన బాధ్యత నెరవేర్చారు.

నీటిచెలమ:
బహిరంగం అంటే ఏమిటో చెప్పండి. ఎవరికి తెలిస్తే బహిరంగం అవుతుంది? గురువుగారికి తెలిస్తేనా, ఇరుగుపొరుగుకు తెలిస్తేనా? ఆమె నా చెల్లెలని తప్ప అక్కడ ఉన్నవారిలో సగం మందికి ఆమె గురించి మరేమీ తెలియదు. ఆ గురువుగారి మాటతోనే అది బహిరంగమైంది. పైగా శ్రీసభ చట్టానికి అర్థం చెప్పే రోములోని చట్ట గ్రంథాల పరిషత్తు 2000 జూన్‌లో ఇదే 915వ నియమంపై ఇచ్చిన ప్రకటనలో, నలుగురిలో నిరాకరించే పరిస్థితి రాకుండా చూసుకోవాలనీ, ముందుగా ఆ వ్యక్తితో మాట్లాడి నియమం అర్థాన్ని వివరించాలనీ చెప్పింది. మా చెల్లెలితో ముందుగా ఎవ్వరూ మాట్లాడలేదు.

కంచుగంట:
అదే ప్రకటన, ఆ జాగ్రత్తలు పనిచేయనప్పుడు గురువు నిరాకరించి తీరాలని కూడా చెప్పింది. మీరు సగమే చదివి వినిపించారు. ఒక గురువు మాట తీరు బాగాలేదని నియమమే తప్పని తేల్చడం కుదరదు.

నీటిచెలమ:
నేను నియమం తప్పని అనలేదు, ఒక్కసారి కూడా అనలేదు. మీకు సంఖ్యలు కంఠస్థం. ఆ సంఖ్యల కింద నలిగిన మనుషుల్లో ఒక్కరైనా మీ ఇంటివారై ఉంటే ఇంత తేలికగా వ్రాయగలిగేవారు కాదు.

కంచుగంట:
నా ఇంటివారే. ఇది వ్రాయకూడదనుకున్నాను.

మా నాన్నగారికి జ్ఞానస్నానం లేదు. 1968లో పెళ్లికి మినహాయింపు అడిగినప్పుడు, పిల్లల పెంపకం విషయంలో ఆయన కూడా హామీ ఇవ్వాలన్నారు. ఆనాటి నియమం అది. నమ్మని దానికి మాట ఇవ్వలేనని ఆయన నిరాకరించి, అమ్మను రిజిస్టర్ కార్యాలయంలో పెళ్లి చేసుకున్నారు. ఆనాటి నుండి అమ్మ పందొమ్మిదేళ్లు, ప్రతి ఆదివారం, చివరి నుండి రెండవ బల్లపై కూర్చుంది. నా ప్రథమ సత్ప్రసాద స్వీకారం రోజున కూడా ఆమె లేవలేదు, నేను తిరిగి వచ్చేసరికి మోకాళ్లపై ఉండి నా చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. 1987లో ఒక కొత్త గురువుగారు వచ్చి విషయం తెలుసుకుని కాగితాలు పంపితే, పైన పాతపుస్తకం గారు చెప్పిన మూల స్వస్థతతో రెండు నెలల్లో అంతా సరి అయింది. ఆ తరువాత అమ్మ పదకొండు నెలలే బ్రతికింది. ఆ పదకొండు నెలల్లో ఆమె ముఖం చూసినవాడిని నేను. ఎవరికి వారు మనస్సాక్షికి తోచినట్లు లేచి వెళ్లి తీసుకోవచ్చని మీరు వ్రాసినప్పుడల్లా, అమ్మ పందొమ్మిదేళ్లు ఊరికే కూర్చుందని మీరు చెబుతున్నట్లు నాకు వినబడుతున్నది.

నీటిచెలమ:
నన్ను క్షమించండి. ఆ మాట అనకుండా ఉండవలసింది.

కాని ఒక్కటి అడగనివ్వండి. ఆ హామీని రెండవ పక్షం నుండి కోరే పద్ధతిని ఆరవ పౌలు పోపుగారు 1970లోనే తీసివేశారు. అంటే మీ నాన్నగారు దేనికి అభ్యంతరం చెప్పారో అది రెండేళ్లకే లేకుండా పోయింది. మిగిలిన పదిహేడేళ్లు మీ అమ్మగారిని ఆ బల్లపై కూర్చోబెట్టింది నియమమా, లేక ఆమెకు ఆ సంగతి ఎవ్వరూ చెప్పకపోవడమా?

కంచుగంట:
ఎవ్వరూ చెప్పకపోవడమే. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇక్కడ నేను నియమాలను సంఖ్యలతో సహా వ్రాస్తూ ఉండేది అందుకే. మీరు నియమాన్ని సడలిస్తే మనిషి బ్రతుకుతాడని అనుకుంటారు. నియమం పూర్తిగా తెలిసి ఉంటే మా అమ్మ బ్రతుకు వేరుగా ఉండేది. అయినా ఆమె విధేయత వ్యర్థమైందని నేను ఒప్పుకోను.

నీటిచెలమ:
వ్యర్థమని నేనూ అనను. ఆమె దానిని ప్రేమతో భరించారు. కాని ఆమె ప్రేమ గొప్పదైనంత మాత్రాన, మరొకరిని అలా కూర్చోబెట్టడం మంచిదవుతుందని నేను ఒప్పుకోలేను. మీకూ నాకూ తేడా మొదటి నుండి ఇక్కడే ఉందేమో, అధోజ్ఞాపికలో కాదు.

వేకువచుక్క:
మీరందరూ వ్రాసినదంతా రెండుసార్లు చదివాను. ఒక విషయం నేను మొదట చెప్పలేదు. మేము కలిసిన రెండవ సంవత్సరంలో ఆయన, దేవాలయంలో నిలబడి అబద్ధం చెప్పలేనని అన్నారు. నేను దానినే చివరి మాటగా తీసుకుని, ఆ తరువాత ఏనాడూ వివాహం ఊసు ఎత్తలేదు. ఆయన నుండి హామీ ఏదీ అడగరన్న సంగతి నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదన్నదే నిజం. అడిగితే కేవలం నా కోసం ఒప్పుకుంటారేమోనని ఒక భయం, ఒప్పుకోకపోతే మా బంధానికి అర్థమేమిటన్నది మరొక భయం. సత్ప్రసాదం గురించి అడిగినంత సులభంగా నేను దీని గురించి అడగలేకపోయాను.

పాతపుస్తకం:
దేవుని నమ్మమని ఆయనను ఎవరూ అడగరు. జీవితాంతం, ఒక్కరితోనే, నమ్మకంగా ఉంటారా, పిల్లలను కాదనకుండా ఉంటారా అన్నది మాత్రం అడుగుతారు. సమ్మతే వివాహాన్ని కలిగిస్తుందని 1057వ నియమం చెబుతున్నది కనుక ఆ సమ్మతి ఆయన సొంతది కావాలి. మీ కోసం ఒప్పుకోవడమూ, మీతో జీవితాంతం ఉండడానికి ఒప్పుకోవడమూ ఒకటేనా కాదా అన్నది ఆయననే అడగండి.

వేకువచుక్క:
నిన్న రాత్రి అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, గురువుగారిని కలవడానికి వస్తాననీ, అంతకు మించి ఇప్పుడే ఏమీ చెప్పలేననీ అన్నారు. మంగళవారం వెళుతున్నాము. ఈ ఆదివారం మాత్రం నేను కూర్చునే ఉంటాను.

నీటిచెలమ:
మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తాను. అయినా మంగళవారం ఆయన కాదంటే, మీరు మొదట అడిగిన ప్రశ్న ఉన్నచోటే ఉంటుంది.

కంచుగంట:
ఉంటుంది. అప్పుడు కూడా నేను ఇదే జవాబు చెబుతాను. వేకువచుక్క గారూ, మీ జ్ఞానస్నాన పత్రాన్ని ముందుగానే తెప్పించుకోండి. అమ్మ విషయంలో అన్నింటికంటే ఆలస్యమైనది అదే.