సమస్యాపూరణం: గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

షరతు ఒక్కటే. రామాయణ భారతాల జోలికి పోకుండా బైబిలు పాత నిబంధన రాజులతో పూరించాలి. సౌలు మొదలు సిద్కియా దాకా ఎవరైనా సరే, ఇశ్రాయేలు రాజ్యమైనా యూదా రాజ్యమైనా పర్లేదు. ఆ కథలు చదివినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. శత్రువు మీదికొచ్చిన రోజున వీళ్లలో మంచివాళ్లు బాగానే ప్రార్థన చేశారు. తేడా కొట్టింది యుద్ధం అయ్యాక, దోపుడుసొమ్ము ఇంటికొచ్చాక. ఈ పాదం ఇచ్చింది అందుకే.

కొత్తవాళ్ల కోసం: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి, అదే యతి.

ఒంగోలు టీచరమ్మ:
మాస్టారూ, బోణీ నాది. సౌలు మీద.

మంద గొఱ్ఱె లఱచె మాట తప్పెనటంచు
అగగు బతికి యుండె నతని చెంత
చెంగు చినిగి నపుడె చేజారె రాజ్యమ్ము
గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

నిర్వాహకుడు:
భేష్ టీచరమ్మ గారూ. గొర్రెల చేత సాక్ష్యం చెప్పించడం నాకు బాగా నచ్చింది. అమాలేకీయులను మందలతో సహా మిగల్చొద్దన్నది ఆజ్ఞ. గెలిచి, వాళ్ల రాజు అగగునూ మంచి గొర్రెలనూ మిగుల్చుకొచ్చిన సౌలు "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అంటుంటే, మరి ఈ గొర్రెల అరుపులేమిటని ప్రవక్త సమూయేలు అడుగుతాడు. ఆ సన్నివేశమంతా ఒక్క పాదంలో ఇమిడింది. మూడో పాదంలో చెంగు ఎవరిదో, ఎవరు పట్టుకుంటే చినిగిందో కథ తెలియనివాళ్లకు అందదు. అయినా ముట్టుకోకండి, విప్పి చెబితే బిగువు పోతుంది.

పద్యం పిచ్చోడు:
సౌలు ఇంకో పని కూడా చేశాడండీ. సమూయేలును కలవకముందే కర్మెలులో తన పేరు మీద జయస్తంభం నిలబెట్టుకున్నాడు. రాజ్యం పోయిందని విన్నాక "పాపం చేశాను" అంటూనే, పెద్దల ముందు మాత్రం నా పరువు నిలబెట్టమని బతిమాలాడు. నాకైతే గొర్రెల కన్నా అదే పెద్ద తప్పు అనిపిస్తుంది. పశ్చాత్తాపంలో కూడా పరువు లెక్క!

సరే, నా పూరణ. యూదా రాజు అమజ్యా.

ఉప్పులోయ గెలిచి యోడిన వేల్పుల
వెంట తెచ్చి మొక్కి వెఱ్ఱి యయ్యె
గోడ కూలె పురము గోడుగోడున నేడ్చె
గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

ఒంగోలు టీచరమ్మ:
"ఓడిన వేల్పుల" అన్న మాటలోనే పద్యమంతా ఉంది. ప్రవక్త అతన్ని అడిగిందీ అదే కదా: తమ జనాన్ని నీ చేతిలోంచి తప్పించలేని దేవతల దగ్గరికి నువ్వెందుకు పోయావని. ఎదోమీయుల్ని గెలిచినవాడు ఎదోమీయుల దేవుళ్లకే ధూపం వేయడమేమిటో!

నిర్వాహకుడు:
గోడ, గోడు శబ్దాలు బాగా కలిశాయి. రెండో పాదంలో "వెఱ్ఱి యయ్యె" కాస్త తేలిక మాట, కానీ తప్పనలేను. కథ తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఈ అమజ్యా యుద్ధానికి ముందు బుద్ధిమంతుడే. ఇశ్రాయేలు నుంచి లక్ష మంది సైనికులను కిరాయికి తెచ్చుకున్నాడు. దైవజనుడు వద్దంటే, ఇచ్చేసిన వెండి సంగతేమిటని కాసేపు దిగులుపడినా, చివరికి వాళ్లను వెనక్కి పంపేశాడు. డబ్బు పోయినా మాట విన్నాడన్నమాట. ఆ విశ్వాసంతోనే గెలిచాడు. గెలిచాక ఇశ్రాయేలు రాజు యెహోయాషుకు "రా, ముఖాముఖి చూసుకుందాం" అని కబురు పెట్టాడు. లెబానోనులోని ముళ్లచెట్టు దేవదారు పిల్లను కోడలిగా అడిగితే, దారినపోయే అడవిమృగం ఆ ముళ్లచెట్టును తొక్కేసిందని అతను జవాబు పంపాడు. అమజ్యా వినలేదు. బేత్షెమెషు దగ్గర చిత్తుగా ఓడి పట్టుబడ్డాడు. యెరూషలేము ప్రాకారం 400 మూరల మేర పడగొట్టారు. మీ మూడో పాదంలో కూలిన గోడ అదే.

డాలస్ కుర్రాడు:
సార్, నాకిదే మొదటి పూరణ. టెన్షన్‌గా ఉంది. ఉజ్జియా రాజు గురించి రాశాను.

యెరుషలేము నందు బురుజులు కట్టించి
బావి తవ్వి పొలము బాగు చేసె
ధూప మేయ బోయి నుదుట కుష్ఠు మొలిచె
గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

బాపట్ల బాబాయ్:
మొదటి పాదంలో యతి ఏదయ్యా? యె ఎక్కడ, బు ఎక్కడ?

నిర్వాహకుడు:
బాబాయ్ గారూ, అక్కడ కుర్రాడు సేఫ్. అది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం. "యెరు"లో రు, "బురు"లో రు. ఆటవెలదికి చెల్లుతుంది. అసలు దోషం మూడో పాదంలో ఉంది. ధూ-కి ను-తో మైత్రి లేదు. పైగా "ధూప మేయ" అంటే గడ్డి మేసినట్టు వినిపిస్తోంది.

ఇంకోటి, ఇది యతి కన్నా ముఖ్యం. తమ్ముడూ, నీ పద్యంలో యుద్ధమే లేదు. బురుజులు, బావులు, పొలాలు అన్నీ ఉన్నాయి. మరి "గెలిచి వచ్చి" ఎక్కడి నుంచి? ఉజ్జియా ఫిలిష్తీయుల మీదికి పోయి గాతు, యబ్నె, అష్డోదు గోడలు కూల్చిన సంగతి అదే అధ్యాయంలో ఉంది. దాన్ని వాడుకో. ఇలా మార్చి చూశాను:

గాతు గోడ కూల్చి ఘనకీర్తి నొందెను
బావి తవ్వి పొలము బాగు చేసె
ధూప మిడగ నుదుట తోచెను కుష్ఠమ్ము
గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

రెండో పాదం నీదే, అలాగే ఉంచాను. వ్యవసాయం మీద మక్కువ ఉన్న రాజు ఆ గ్రంథంలో అరుదు, ఆ పాదం పోకూడదు.

డాలస్ కుర్రాడు:
థాంక్యూ సార్. ఒక డౌట్. దేవుడికి ధూపం వేస్తానంటే తప్పేముంది? భక్తే కదా?

ఒంగోలు టీచరమ్మ:
ధూపం వేయడం అహరోను సంతతి యాజకుల పని బాబూ. ప్రధాన యాజకుడు అజర్యా, అతనితో 80 మంది యాజకులు అడ్డంగా నిలబడి, ఇది నీ పని కాదు, బయటికి పొమ్మన్నారు. ధూపార్తి చేతిలో పట్టుకునే అతను వాళ్ల మీద మండిపడ్డాడు. అప్పుడే నుదుట కుష్ఠు కనిపించింది. స్థిరపడేదాకా ఆశ్చర్యకరమైన సహాయం దొరికింది, స్థిరపడగానే మనసు పొంగింది అని గ్రంథం చెబుతుంది. ఆ తర్వాత చనిపోయేదాకా వేరే ఇంట్లో ఉన్నాడు. రాజ్యం కొడుకు యోతాము చూసుకున్నాడు.

బాపట్ల బాబాయ్:
యతి అడిగి భంగపడ్డాను గానీ, నా పద్యం కూడా చూడండి. దావీదు, అతని మీద తిరగబడి యుద్ధంలో చచ్చిన కొడుకు అబ్షాలోము.

గుమ్మ మెక్కి యేడ్చె కొడుకు కొడుకటంచు
సేన దొంగవోలె చేరె నూరు
పుత్రశోక మందు పోయె విజయ మంత
గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

పద్యం పిచ్చోడు:
బాబాయ్, రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. గెలిచిన సైన్యం ఓడిపోయి పారిపోయి వచ్చినట్టు దొంగచాటుగా ఊళ్లోకి రావడం!

నిర్వాహకుడు:
పద్యం గుండెకు తగిలింది. వ్యాకరణం మాత్రం ఒప్పుకోదు. "వచ్చి"కీ "గెలువడయ్యె"కీ కర్త ఒక్కడే కావాలి, అది రాజు. దావీదు ఆ రోజు యుద్ధానికే పోలేదు. జనం వద్దంటే మహనయీము ఊళ్లోనే ఆగిపోయాడు. గెలిచి వచ్చింది సేన.

బాపట్ల బాబాయ్:
సేన గెలిస్తే రాజు గెలిచినట్టే కదా మాస్టారూ.

నిర్వాహకుడు:
గెలిచినట్టే. వచ్చినట్టు కాదు.

కొత్త సభ్యురాలు:
నమస్కారమండీ. అందరూ ఈ పాదాన్ని నిందగానే తీసుకున్నారు. నేను యూదా రాజు యెహోషాపాతు మీద రాశాను. ఇతను సేనతో కలిసి వెళ్లాడు, తిరిగొచ్చాడు, కాబట్టి కర్త దగ్గర పేచీ ఉండదనుకుంటా.

పాటగాండ్ర నంపె బారుల ముందుగా
వీణ మీటి గుడికి వెనుక మరలె
తనదు గెలుపు కాదు దైవమ్ము దనుచును
గెలిచి వచ్చి రాజు గెలువ డయ్యె

నిర్వాహకుడు:
అమ్మా, ఈ వారం మొదటి స్థానం మీదే. "గెలువ డయ్యె" అన్నది ఇక్కడ ఓటమి కాదు, ఒప్పుకోలు. మోయాబీయులు, అమ్మోనీయులు మీదికొస్తే "ఏం చేయాలో మాకు తోచడం లేదు, నువ్వే మాకు దిక్కు" అని జనం ముందే చెప్పిన రాజు అతను. తెకోవ అరణ్యానికి పోయేటప్పుడు సేన ముందు గాయకుల్ని నడిపించాడు. శత్రువులు ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు. దోపుడుసొమ్ము ఏరుకోవడానికే మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు బెరాకా లోయలో స్తుతి చేసి, వీణలతో యెరూషలేము మందిరానికి తిరిగొచ్చారు. ఛందస్సులో ఎక్కడా వంక లేదు. "బారుల ముందుగా" చక్కటి తెలుగు.

ఒంగోలు టీచరమ్మ:
పద్యం చాలా బాగుందమ్మా. కానీ మాస్టారూ, అదే అధ్యాయం చివరిదాకా చదవండి. అదే యెహోషాపాతు తర్వాత ఇశ్రాయేలు రాజు అహజ్యాతో పొత్తు పెట్టుకుని ఎసోన్గెబెరులో ఓడలు కట్టించాడు. ప్రవక్త ఎలీయెజెరు చెప్పినట్టే అవి బయలుదేరకముందే బద్దలైపోయాయి.

కొత్త సభ్యురాలు:
తెలుసండీ. అందుకే గుడి దగ్గర ఆపేశాను.

నిర్వాహకుడు:
అయితే టీచరమ్మ గారూ, ఆ ఓడల పద్యం మీరు రాయండి. ఆదివారం దాకా గడువు.