సమస్యాపూరణం: గుడికి వచ్చి రాణి గుడిని జొరదు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం: గుడి దాకా వచ్చిన రాణి గుడి లోపలికి వెళ్ళదు అని అర్థం. విక్టోరియా రాణి కాలంలో (1837–1901) మతానికీ కిరీటానికీ ఉన్న సంబంధం మీదనే పూరించాలి. గుడి అంటే దేవుని ఇల్లు, ఏ మతానిదైనా సరే. పాదాన్ని ప్రశ్నలూ జవాబులుగా విరిచి గట్టెక్కవద్దని ముందే మనవి చేశాను. చరిత్రలోనే దీనికి దారులున్నాయి, వాటిని వెతకండి.

తెనాలి సభ్యురాలి పూరణ

అరువదేండ్ల వేడ్క యని జనుల్ గుమిగూడ
నడుగు పెట్టలేక యరదమందె
మెట్లమీద గురులు మేలుగోరుచుఁ బాడ
గుడికి వచ్చి రాణి గుడిని జొరదు

నిర్వాహకుడు: అమ్మా, రాణి పాలనకు అరవై ఏళ్ళు నిండిన వేడుక జరిగిన 1897 జూన్ 22ను కళ్ళ ముందు నిలిపారు. రాణికి అప్పుడు 78 ఏళ్ళు. లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్ మెట్లు ఎక్కలేని స్థితి. అందుకని ప్రార్థననే మెట్ల మీదికి తెచ్చారు, ఆమె బండిలోనే కూర్చుని విన్నారు. ‘అరదము’ ఆ బండికి చక్కగా సరిపోయింది. ఒక్క ‘గురులు’ మాత్రం మార్చండి. గురువులు అన్నది మన కతోలికుల వాడుక, అక్కడ పాడినది ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లాండు చర్చి వారు. ‘మెట్లమీద నిలిచి’ అంటే గణం చెడదు.

హనుమకొండ లెక్కల మాస్టారి పూరణ

కొండ పల్లెలోనఁ గొలువఁగా వచ్చిన
భక్తురాలె పోవు బల్లపైకి
నానతియు మకుటము నాగును వాకిట
గుడికి వచ్చి రాణి గుడిని జొరదు

నిర్వాహకుడు: మాస్టారూ, ఈ పద్యం నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. ఇంగ్లాండు చర్చికి రాణి సర్వోన్నత పాలకురాలు. సరిహద్దు దాటి స్కాట్లాండులో అడుగుపెడితే అక్కడి ప్రెస్బిటీరియన్ చర్చికి క్రీస్తు తప్ప వేరే శిరస్సు లేదు. బాల్మోరల్ కోట దగ్గర క్రాథీ అనే పల్లెలో ఆమె మామూలు విశ్వాసిగానే కూర్చునేవారు. లోపలికి వెళ్ళింది భక్తురాలు, వాకిట ఆగింది రాణి. సమస్యలోని వైరుధ్యం మాట విరుపుతో కాక అర్థంతోనే విడిపోయింది.

మచిలీపట్నం సభ్యుడు: మాస్టారి భావానికి నమస్కారం. కానీ ‘బల్లపైకి పోవు’ అంటే బల్ల ఎక్కినట్టు ధ్వనిస్తుంది. మా సంఘంలో బల్ల అంటే ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షారసం పంచుకునే చోటు. ‘బల్లకడకు’ అనండి. 1873లో రాణి క్రాథీలో మొదటిసారి ఆ సంస్కారంలో పాలుపంచుకున్నారు. అప్పుడు పద్యం సరిగ్గా ఆ రోజుకు చేరుతుంది.

మాస్టారు: సవరించాను. నేను కూర్చునే బల్ల అనుకుని రాశాను. మీరు చెప్పిన బల్ల దానికంటే పెద్దది.

తెనాలి సభ్యురాలు: నాదొక అభ్యంతరం. స్కాట్లాండులో వాకిట ఆగిన కిరీటం ఇంగ్లాండులో ఆగలేదు. కొవ్వొత్తులు, సాంబ్రాణి, అలంకారపు పూజావస్త్రాలు రోమను పద్ధతులని వాటిని అణచడానికి 1874లో చట్టం వచ్చింది. దాని కోసం ఇంగ్లాండు చర్చి పెద్ద ఆర్చిబిషప్ టెయిట్‌ను తొందరపెట్టినవారిలో రాణి కూడా ఉన్నారు. ఆ చట్టం వల్ల కొందరు పాదిరీలు జైలుకు వెళ్ళారు.

నిర్వాహకుడు: నిజం. మాస్టారి పద్యంలో ‘కొండ పల్లెలోన’ అన్న మాట అందుకే తీయరానిది. ఆ ఊరు లేకపోతే పద్యం అబద్ధమవుతుంది.

ఒంగోలు విద్యార్థి పూరణ

తనకుఁ దన మతంబు తథ్యమే యైనను
పరుల మీఁద మోపఁ బాడి కాదు
అనుచుఁ జాటి చెప్పె నాంగ్లసామ్రాజ్ఞియే
గుడికి వచ్చి రాణి గుడిని జొరదు

నిర్వాహకుడు: నాయనా, కంపెనీ నుంచి భారతదేశ పాలనను చేపడుతూ రాణి చేసిన 1858 నవంబరు 1 నాటి ప్రకటనను పట్టుకున్నావు. తన విశ్వాసాన్ని దాచకుండానే దాన్ని ప్రజల మీద రుద్దే హక్కు గానీ కోరిక గానీ లేదన్న ప్రకటన అది. మొదటి ముసాయిదా నచ్చక, ప్రధాని డెర్బీకి రాసి మరీ ఆమె దాన్ని మార్పించారు. మద్రాసు రాజధానిలో ఉన్న మన జిల్లాలకూ అది వర్తించింది. 1817 నుంచి ఇక్కడి గుళ్ళ మాన్యాల అజమాయిషీ సర్కారు చేతిలోనే ఉండేది. 1863 చట్టంతో దాన్ని వదులుకున్నారు. గుడి దాకా వచ్చి వెనుదిరగడం అంటే అదే.

రెండు దోషాలున్నాయి. ‘కాదు / అనుచు’ విసంధి, అంటే కలవవలసిన చోట సంధి కలపకపోవడం. పాదం మారినా సంధి తప్పదు. రెండవది కాలదోషం. సామ్రాజ్ఞి బిరుదు 1876లో వచ్చింది, 1858లో ఆమె రాణి మాత్రమే.

ఒంగోలు విద్యార్థి: గురువుగారూ, ఇలా మార్చాను.

తనకుఁ దన మతంబు తథ్యమే యైనను
పరుల మీఁద మోపఁ బాడి యగునె
యనుచుఁ జాటి చెప్పె నాంగ్లభూనాథయే
గుడికి వచ్చి రాణి గుడిని జొరదు

నిర్వాహకుడు: యడాగమంతో విసంధి పోయింది, య–ఆ యతి నిలిచింది. ‘పాడి యగునె’ అన్న ప్రశ్న మొదటి మాటకంటే బాగుంది.