సర్వర్లు, స్టోరేజీ, నెట్‌వర్కు: అన్నింటినీ ఒకే ఉమ్మడి పూల్‌లో కలపవచ్చా?

ప్రశ్నకర్త:
విభాగాలవారీగా ఉన్న సర్వర్లను, స్టోరేజీని, నెట్‌వర్కును కలిపేసి సంస్థ మొత్తానికి ఒకే పూల్ (అవసరాన్ని బట్టి అందరూ పంచుకునే ఉమ్మడి వనరుల నిధి) ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన మా ముందుంది. డేటాబేస్ బృందం ససేమిరా అంటోంది. ఇరుపక్షాల వాదనలూ కారణాలతో సహా తెలుసుకోవాలని ఉంది.

ఉమ్మడివాది:
కలపడమే సరైనదని నా నిశ్చితాభిప్రాయం. ప్రతి విభాగమూ తన అత్యధిక రద్దీని లెక్కవేసుకునే యంత్రాలు అడుగుతుంది. కానీ అందరి రద్దీ ఒకే గంటలో రాదు కనుక, ఒకచోట ప్రాసెసర్లు ఖాళీగా ఉండగానే మరోచోట కొత్త సర్వర్ల కోసం అర్జీలు నడుస్తుంటాయి. గూగుల్ తన యంత్రాలకు పనులు పంచే బోర్గ్ వ్యవస్థపై 2015లో ప్రచురించిన పత్రం ప్రకారం, ప్రొడక్షన్ పనులను (నిరంతరం నడవాల్సిన అసలు సేవలను) మిగతా పనుల నుంచి విడదీస్తే మధ్యస్థ స్థాయి సెల్‌లో (ఒక యూనిట్‌గా నడిపే యంత్రాల సమూహంలో) 20 నుంచి 30 శాతం అదనపు యంత్రాలు కావలసి వస్తాయి.

డేటాబేస్ పక్షం:
ఆ లెక్కను నేను కాదనను. అయితే అంతటి షెడ్యూలర్ (ఏ పని ఏ యంత్రంపై నడవాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్), దాన్ని అనుక్షణం కనిపెట్టుకుని ఉండే ఇంజినీర్లు ఎన్ని సంస్థలకు ఉన్నారు? మా ఆందోళన సగటు వేగం గురించి కాదు. అదే స్టోరేజీ మీద మరొకరి బ్యాకప్ మొదలైతే మా క్వెరీలు నిమిషాల తరబడి నత్తనడక నడుస్తాయి, కారణం మా లాగ్‌లలో ఎక్కడా కనిపించదు. ఇంతకంటే పెద్ద ప్రమాదం వైఫల్యం విస్తరించడం. 2011 ఏప్రిల్‌లో అమెజాన్ క్లౌడ్‌లో జరిగిందదే: నెట్‌వర్కు మార్పులో పొరపాటున స్టోరేజీ ట్రాఫిక్ తక్కువ సామర్థ్యమున్న మార్గంలోకి మళ్లింది, సంబంధం పునరుద్ధరించగానే అసంఖ్యాకమైన వాల్యూములు (డిస్కుల్లా వాడే స్టోరేజీ భాగాలు) కొత్త ప్రతుల కోసం ఒక్కసారిగా ఖాళీ స్థలాన్ని వెతకడంతో ఆ క్లస్టర్‌లో మిగిలిన జాగా కాస్తా హరించుకుపోయింది.

వర్చువలైజేషన్ నిర్వాహకుడు:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. పూల్ సృష్టించినంత మాత్రాన పంపకం న్యాయంగా జరగదు. ఒక సర్వర్‌ను అనేక వర్చువల్ మెషీన్లుగా (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లుగా) పంచే వీఎంవేర్ వీస్ఫియర్‌లో ప్రొడక్షన్ పూల్‌కు ‘హై’ (ఎక్కువ) అని 8000 ప్రాసెసర్ షేర్లు (పోటీ వేళ దక్కే వాటాలు), టెస్ట్ పూల్‌కు ‘లో’ (తక్కువ) అని 2000 షేర్లు ఇచ్చారనుకోండి. మొదటిదాంట్లో ఒకే పరిమాణంలో 40 వర్చువల్ మెషీన్లు, రెండోదాంట్లో అలాంటివే 4 ఉంటే, ప్రాసెసర్‌కు పోటీ ఏర్పడినప్పుడు ప్రొడక్షన్ మెషీన్‌కు 200 షేర్లు, టెస్ట్ మెషీన్‌కు 500 షేర్లు దక్కుతాయి! పూల్‌లను ఫోల్డర్లలా వాడేవారు చాలామంది ఈ లెక్క వేసుకోరు, పోటీ లేనన్నాళ్లూ తేడా బయటపడదు కూడా.

నా సూచన ఇది: పూల్ సరిహద్దులను విభాగాలను బట్టి కాకుండా వైఫల్యాన్ని బట్టి గీయాలి. ఒక్కటి కాకుండా రెండు మూడు పూల్‌లు పెట్టి, ఒక్కోదానికి వేరు స్టోరేజీ, వేరు స్విచ్‌లు ఇచ్చి, ఒకటి పడిపోయినా ముఖ్యమైన పనులను మోయగలిగేలా మిగిలినవాటిలో ఖాళీ ఉంచాలి.

ఉమ్మడివాది:
అంగీకరిస్తాను. ఆ ఖాళీని వృథా అనకూడదు. సర్వర్ ఒకటి కూలినప్పుడు దాని పనులన్నీ వెళ్లేది అక్కడికే.

డేటాబేస్ పక్షం:
మా డేటాబేస్‌కు మెమరీని పూర్తిగా రిజర్వ్ చేసి, ప్రైమరీని (అసలు డేటాబేస్‌ను), రెప్లికాను (దాని నకలును) వేర్వేరు పూల్‌లలో ఉంచితే సర్వర్లు కలపడానికి నాకు అభ్యంతరం లేదు. స్టోరేజీ విషయంలో మాత్రం, సెకనుకు ఎన్ని రీడ్‌లు, రైట్‌లు అన్న పరిమితిని ప్రతి వాల్యూముకూ పెట్టి, బ్యాకప్ వేళల్లో కొలిచి చూపించేంతవరకు నేను సమ్మతించలేను.